బల్దిరి నోట మిగిలిన భాష

పక్షవాతం వచ్చి పడిపోయిన పదకొండో రోజున కవి బల్దిరి మొదటిసారి నోరు విప్పి నీళ్ళడిగాడు. అడిగింది స్పానిష్‌లో.

రెమేయ్ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ భాషలో భార్యను పలకరించిన పాపాన పోలేదు.

"మన మాటలో అడుగు, బల్దిరీ," అంది మెల్లగా.

ఆయన దవడ వణికింది. నుదుటి మీద చెమట పట్టింది. ఎంత పెనుగులాడినా మళ్ళీ ఆ స్పానిష్ మాటే వచ్చింది.

డాక్టరు ఏదీ దాచలేదు. "మనం మన కాటలన్‌లో అన్నది ఆయనకు తెలుస్తుందమ్మా. తిరిగి చెప్పడమే రాదు. ఒక్కోసారి అమ్మ నేర్పిన భాష పోయి, బడిలో నేర్చింది మిగులుతుంది. తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చు."

కుర్రతనంలో బల్దిరి కాటలన్ సీమలోని ఇగ్వలాడలో జరిగే పూలపోటీలకు వెళ్ళి అల్లరి చేసేవాడు. కొండల్నీ కన్య మరియనూ ప్రాసలు కట్టి పొగిడిన పెద్దకవికి పువ్వు బహుమానమిచ్చే సభలవి. తాను మాత్రం కామాలూ చుక్కలూ లేకుండా, మాటలు కాగితం మీద చినుకుల్లా జారేట్టు రాసేవాడు. అంతర్యుద్ధం వచ్చింది. కాటలన్ల పక్షం ఓడిపోయింది. గెలిచి గద్దెనెక్కిన జనరల్ మనుషులు కాటలన్‌ను బడిలోంచీ అచ్చులోంచీ తరిమేశారు. "కుక్కలా మొరక్కు, క్రైస్తవుడిలా స్పానిష్‌లో మాట్లాడు," అంటూ ఠాణాలో ఒకడు బల్దిరి పళ్ళు రెండు రాలగొట్టాడు. ఆ తర్వాత ఆయన పద్యాల్లోకి ఛందస్సూ ప్రాసా వచ్చి చేరాయి. జారిపోయేదాన్ని నిలపాలంటే గట్టి కట్టు ఉండాలనేవాడు. తోళ్ళ కార్ఖానాలో గుమాస్తాగిరీ చేస్తూ ఆదివారాలు రాసేవాడు. రెమేయ్ ఒక్కో పద్యమాలికనూ పన్నెండు ప్రతులు చేసి గుట్టుగా దారంతో కుట్టేది. స్పానిష్‌లో రాస్తే అచ్చేస్తామని మద్రిద్ నుంచి ఉత్తరం వస్తే పొయ్యిలో పడేశాడు. మరో ఇరవై ఏళ్ళకు, కూలి గురించీ సమ్మె గురించీ మామూలు మాటల్లో రాసే కుర్రకవులు ఆయన్ని "బీరువాలో పాతకోటు" అని వెక్కిరించారు. జనరల్ చచ్చిపోయి నిషేధం సడలాక వాళ్ళకే ఆయన కావలసి వచ్చాడు. మే నెలలో సన్మానం, ఆ రోజే ఆయన మొట్టమొదటి అచ్చు పుస్తకం అన్నారు. మార్చిలో ఇలా జరిగింది.

కింది వాటాలో అంగూస్తియాస్ ఉండేది. తోళ్ళ పని కోసం దక్షిణాదిన ఉన్న అల్మేరియా నుంచి వచ్చిన మనిషి, స్పానిష్ తప్ప రాదు. పన్నెండేళ్ళుగా మెట్ల మీద ఆమె పలకరిస్తే బల్దిరి టోపీ ఎత్తి, కాటలన్‌లో ఏదో గొణిగి తప్పుకునేవాడు. ఇప్పుడామె సూపు తెచ్చి మంచం పక్కన కూర్చుంటే గంటల కొద్దీ మాట్లాడుతున్నాడు.

"ఏందయ్యగారూ, పన్నెండేళ్ళు మూగనోము పట్టి, ఇప్పుడు నా బుర్ర తినేస్తన్నారే!" అని ఆమె నవ్వితే ఆయనా నవ్వేవాడు.

రెమేయ్‌కు సంతలో బేరమాడేంత స్పానిషే వచ్చు. ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన మాటలు వినపడ్డాయి. తోళ్ళు నానబెట్టే సున్నానికి తన తల్లి వేళ్ళు పగిలి ఉండేవట. ఆ వేళ్ళు చెంప తడిమితే గీరుకునేదట. ఆ సంగతి ఆయన రెమేయ్‌కు ఏనాడూ చెప్పలేదు, ఏ పద్యంలోనూ రాయలేదు. కత్తి పక్కన పెట్టి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

సన్మాన సంఘం కార్యదర్శి ఉలగే వచ్చాడు. ఒకప్పుడు వెక్కిరించిన కుర్రకవుల్లో అతనొకడు.

"పద్యాలు మేం చదువుతాం, రెమేయ్ గారూ. ఆయన్ని నోరు తెరవకుండా కూర్చోబెట్టండి చాలు. ఇంత పోరాటం చేశాక జనం ముందు ఆ భాషా!"

"ఆయన మీ జెండా కర్ర కాదు నాయనా."

"తెలుసండీ. కానీ ఆరొందల మంది వస్తున్నారు."

రెమేయ్ లోపలికెళ్ళి, "వద్దంటే మానేద్దాం," అంది. బల్దిరి అంతా విన్నాడు. "పుస్తకం చూడాలి," అన్నాడు స్పానిష్‌లో. పెదాల మీద వేలు పెట్టుకుని మాటిచ్చాడు.

హాలు కిక్కిరిసింది. దారంతో కుట్టిన పద్యాలను నలుగురి ముందు గొంతెత్తి చదవడం అదే మొదలు. చదవడం అయ్యాక జనం చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డారు. ఉలగే పుస్తకం తెచ్చి బల్దిరి ఒళ్ళో పెట్టాడు. ఆయన ఎడమచేత్తో పేజీలు తిప్పాడు, వాసన చూశాడు. ఇచ్చిన మాట మరిచిపోయాడు. రెమేయ్ భుజం పట్టుకుని లేచి, మైకులో, "గ్రాసియాస్, మిత్రులారా," అంటూ స్పానిష్‌లో ధన్యవాదాలు మొదలుపెట్టాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"అమ్ముడుపోయావా, ముసలోడా?" అని ఎవడో అరిచాడు.

"ఆయనకు జబ్బు చేసిందయ్యా! ఆ ఒక్క భాషే మిగిలింది!" రెమేయ్ గొంతు చించుకుంది. అప్పటికే ఉలగే సైగ చేశాడు, అందరూ కాటలన్ పాట ఎత్తుకున్నారు. ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

ఆ సాయంత్రం నుంచి బల్దిరి ఏ భాషలోనూ మాట్లాడలేదు. "అయ్యగారూ, కనీసం ఓ తిట్టైనా తిట్టండి," అని అంగూస్తియాస్ బతిమాలింది. రెమేయ్ మంచం అంచున కూర్చుని, తనకొచ్చిన వచ్చీరాని స్పానిష్‌లో, "నాతో మాట్లాడు. ఏ భాషైనా సరే. నేను నేర్చుకుంటా," అంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు, అంతే. అక్టోబరులో పోయాడు.

చివరి శ్వాస దాకా పరాయి మాట పెదవి తాకనివ్వని కవి అని పత్రికలో రాశారు. రెమేయ్ దాన్ని అంగూస్తియాస్‌కు తడుముకుంటూ స్పానిష్‌లోకి మార్చి చదివి వినిపించింది.

"అబద్ధం గదక్కా?"

"అబద్ధమే."

ఆ చలికాలమంతా రెమేయ్ మధ్యాహ్నాలు కింది వాటాకు దిగేది. మంచం పక్కన ఆయన ఏమేం చెప్పాడో అంగూస్తియాస్ చెప్పేది. సగమే అర్థమయ్యేది. మిగతా సగం మళ్ళీ అడిగేది.