తాకకముందే పడే గీత

బందరు నుంచి బంటుమిల్లి దాకా నేను బాగుచెయ్యలేని యంత్రం లేదు. ఆయిలింజను దగ్గితే దాని జబ్బేమిటో చెబుతాను, పంపుసెట్టు మూలిగితే మందు చెబుతాను. పాలకాయతిప్ప దగ్గర ఓసారి సముద్రంలో ఆగిపోయిన పడవ ఇంజన్ని ఒడ్డునే నిలబడి తిట్టి స్టార్టు చేశాను. అలాంటిది, మా పక్క వాటాలో ఉండే నిస్సీ బొమ్మల పలకకి జబ్బు చేస్తే దాన్ని బాగుచేసింది నేను కాక ఇంకెవరు?

ఆ మధ్యాహ్నం నిస్సీ అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, భోజనాల బల్ల మీద కంప్యూటరూ, దాని పక్కన నల్లటి పలకా పెట్టుకుంది. ఆ పలక మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్లో పడుతుంది. మెల్లగా ఆనిస్తే సన్నంగా, నొక్కితే లావుగా. ఆ సన్నం లావుల్లోనే ఉంది ఆ పిల్ల పనితనమంతా. నాలుగింటికి విజయవాడ నుంచి సరళ గారు వీడియోలో చూస్తారు. పిల్లల పుస్తకాలు అచ్చేసే ఆవిడ. "ఏమీ అనుకోకండమ్మా, ఈ రోజుల్లో బొమ్మ మనిషి వేసిందో మిషను వేసిందో తెలియట్లేదు. మా ఎదురుగా ఒక్కటి గియ్యండి, మీ చెయ్యి చూస్తే చాలు" అన్నారు. చెయ్యి నచ్చితే పుస్తకం మీద నిస్సీ పేరుంటుంది. నచ్చకపోతే ఏమవుతుందో ఆమె భర్త శ్యామ్ సుందర్ పొద్దున ఇడ్లీ తింటూ చెప్పాడు. "ఇదొక్కటీ చూసుకో. తర్వాత ఆ పలక అటకెక్కించేద్దాం. నేనేమన్నా వద్దన్నానా?"

నిస్సీ చేపల బుట్ట మోసే ఆడమనిషి బొమ్మని మెడ దగ్గర మొదలుపెడదామని పెన్ను ఎత్తింది. పెన్ను పలకని తాకకముందే తెర మీద గీత పడింది. తాడంత లావు గీత. చెయ్యి ఎటు కదిలితే అటు, గాల్లో ఉండగానే.

నిస్సీ కంప్యూటర్లో బ్రష్షు మార్చింది. నొక్కుడుని బట్టి లావు మారాలన్న చోట టిక్కు అలాగే ఉంది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. పలకని నడిపించే డ్రైవరు తీసేసి కొత్తది ఎక్కించింది. కనుబొమ్మల పట్టకారుతో పెన్ను ములుకు లాగి ఇంకో ములుకు గుచ్చింది. అదే తాడు. పెన్ను బాగానే ఉందేమో, తన చెయ్యే పాడైందేమో అనిపించింది. అత్తగారు రాజకుమారి గారు పెళ్ళైన కొత్తలోనే అన్నారు కదా, "నీది బరువు చెయ్యమ్మా, చపాతీ కర్ర నీ చేతిలో రోకలైపోద్ది" అని. అప్పట్నుంచీ గిన్నె పెట్టినా, తలుపు వేసినా, గ్యాసు తిప్పినా, తన చెయ్యి అక్కడ పడలేదన్నట్టు మెల్లగా చెయ్యడం నేర్చుకుంది. ఇప్పుడు ఎంత మెల్లగా పట్టుకున్నా గీత లావుగానే పడుతోంది. ఇంకెంత మెల్లగా ఉండాలి? అత్తగారు స్త్రీల ప్రార్థన కూటానికని గుడివాడ వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేరు. అయినా వీధి మలుపులో ఏ స్కూటరు తిరిగినా పెన్ను ఆపి చెవి ఒగ్గుతోంది. ఆ మోత తమ బండిది కాదని తేలేదాకా ఊపిరి తీసుకోవడం లేదు.

"తాతగారూ, ఒక్కసారి వస్తారా?" అని గోడవతల నుంచి పిలిచింది. వెళ్ళాను. పెన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

"దీన్ని మోకాలికేసి రెండు బాదమ్మా. రేడియోలకి అదే మందు."

"మీకు దణ్ణం పెడతాను తాతగారూ, ముందు దాన్నిటివ్వండి."

"పోనీ ఎండలో పెట్టి చూడు. ఉప్పుగాలికి చెమ్మ పట్టుంటది."

"తాతగారూ!"

ఇచ్చేశాను. నేను బాగుచేశానని మొదట అన్నాను చూడండి, అదంతా కోత. నా వల్ల అయింది ఇంతే, నన్ను చూసి ఆ పిల్ల కాస్త నవ్వింది. నేను మా వాటాకి వచ్చేశాను.

నిస్సీ చివరికి పెన్ను పరీక్షించే కిటికీ తెరిచింది. అందులో ఒక నీలం పట్టీ ఉంటుంది. నొక్కితే పెరుగుతుంది, వదిలితే సున్నాకి దిగుతుంది. పెన్నుని పలక మీద పడుకోబెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పట్టీ దిగలేదు. సగం దగ్గరే నిలబడింది. ఎవరూ నొక్కడం లేదు. అయినా నొక్కుతున్నట్టే చూపిస్తోంది. ఆ పట్టీని చూస్తుంటే ఆమెకి తన భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయని తెలిసింది.

ఆ పెన్ను రోజూ ఎక్కడ ఉంటుందో అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం స్కూటరు మోత వినగానే బల్ల ఖాళీ అవ్వాలి. పలక బియ్యం డబ్బా వెనక్కి, పెన్ను చెంచాల గ్లాసులోకి. ములుకు కిందకి, పైన గరిటెలు. దాచింది అత్తగారు కాదు, భర్తా కాదు. తనే. ఆ కంగారులో రోజూ తనే దాన్ని గ్లాసు అడుక్కి కుక్కింది. రాత్రంతా అలా నిలబడీ నిలబడీ లోపలి స్ప్రింగు వెనక్కి రావడం మర్చిపోయింది.

సెట్టింగుల్లో వెతికితే దారి దొరికింది. ఎంత నొక్కుడిని లెక్కలోకి తీసుకోకూడదో మనమే చెప్పుకోవచ్చు. ఆ సగాన్నీ సున్నా చేసింది. గాల్లో గీత ఆగిపోయింది. తేలిగ్గా ఆనిస్తే ఇప్పుడు ఏమీ పడదు. గట్టిగా నొక్కితేనే గీత. నొక్కింది. ఇంకా నొక్కింది. చేపలావిడ మెడ సన్నంగా మొదలై, బుట్ట బరువు పడేచోట లావెక్కి, భుజం మీదకి దిగింది.

నాలుగింటికి సరళ గారు తెర మీదకి వచ్చారు. బొమ్మ సగంలో ఉండగా వీధి మలుపులో స్కూటరు తిరిగింది. ఈసారి వాళ్ళదే. పెన్ను పట్టుకున్న చెయ్యి దానంతటదే గ్లాసు వైపు వెళ్ళింది. సగం దూరం వెళ్ళి ఆగింది. మళ్ళీ పలక మీదకి వచ్చింది.

శ్యామ్ సుందర్ గుమ్మంలోంచే అరిచాడు చూడండీ, గోడ మీద క్యాలెండరు ఊగింది, చెంచాలు గణగణమన్నాయి, కోనేరు సెంటర్లో బస్సు బ్రేకేసింది. "ఇంకా ఎత్తెయ్యలేదా ఆ దుకాణం!"

"ఎవరో వచ్చినట్టున్నారు, ఆపుదామా అమ్మా?" అన్నారు తెరలోంచి సరళ గారు.

"వద్దండీ, మా ఆయనే" అంది నిస్సీ. తల తిప్పకుండానే, "ఇంకా అవలేదండీ. టీ ఫ్లాస్కులో ఉంది, పోసుకోండి" అంది. చేపలావిడ బుట్టని ఇంకా గట్టిగా నొక్కి గీసింది.

పుస్తకం ఆమెకే వచ్చింది. ఇక మీకు చెప్పాల్సింది ఒకటుంది. ఈ కథలో నేను కల్పించింది ఆ అరుపు. శ్యామ్ సుందర్ అరవలేదు. ఎప్పుడూ అరవడు. ఆ రోజు కూడా చెప్పులు వరసగా విడిచి, లోపలికొచ్చి, బల్ల పక్కన నిలబడి చూశాడట, అంతే. ఆ పిల్ల దేనికంత భయపడిందో మీకు తెలియదేమోనని ఆ కేక నేనే పెట్టించాను. ఇన్నేళ్ళుగా మా రెండు వాటాల మధ్య ఉన్నది ఒక్కటే గోడ, నాకు ఇటుపక్కకి ఏనాడూ ఒక్క కేక కూడా వినపడలేదు.