ఎనభై రెండు డిగ్రీలు

ల్యాబ్‌లో అందరి ముందూ ఒకటే ద్రవం. నీళ్లలా తేటగా ఉంది, వాసన మాత్రం ముక్కుపుటాలు అదరగొడుతోంది. నాలుగు కార్బన్లున్న ఆల్కహాల్ అని చెప్పి ఫార్ములా ఇచ్చారు. అది ఎంత వేడికి మరుగుతుందో చూసి పేరు చెప్పాలి. అదే డిగ్రీ చివరి ప్రాక్టికల్.

చూసే ఓపిక ఎవరికుంది? ఏటా ఇచ్చేది బ్యూటనాలే, మరిగేది నూట పదిహేడు దగ్గరే. వరంగల్‌లోని ఆ కాలేజీ పిల్లలు ఆ అంకెను సీనియర్ల నుంచి ఆస్తిలా అందుకుని, పరీక్షలో భద్రంగా దించేసి వెళ్లిపోతుంటారు.

సుకన్య ఒక్కతే మరిగించింది. కిందటేడు ఇదే ప్రాక్టికల్ తప్పింది మరి. బీఈడీ సీటు వచ్చి ఉంది. ఇది మళ్లీ పోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే సీటూ లేదు. ద్రవం ఎనభై రెండు దగ్గరే బుడగలు కక్కింది. చల్లార్చి మళ్లీ చేస్తే మళ్లీ ఎనభై రెండే. థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టింది. అది బుద్ధిగా వంద చూపించింది. అంటే తప్పు థర్మామీటరుది కాదు, తనదే అనుకుంది.

పక్కనున్న భానుచందర్ జాలిపడ్డాడు. మనసు మంచిదే, పని దగ్గరే బద్ధకం.

"నూట పదిహేడు రాయి సుకన్యా. అందరం గదే రాసినం. ఫికర్ చెయ్యకు."

రాసింది. రాసిన అంకెను చూస్తుంటే సిగ్గేసింది. కొట్టేసి ఎనభై రెండు వేసి, టెర్షియరీ బ్యూటనాల్ అని పేరు రాసింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చంద్రమౌళి ఆ పేపరు దగ్గర ఆగాడు. ఆయన చేతిలోని జవాబూ నూట పదిహేడే. సరిగ్గా రాసి కొట్టేసిన పిల్లను ఆయన తన సర్వీసులో చూడలేదు. ఎందుకు కొట్టేశావని అడిగాడు.

"అది నేను చూడలే సార్. నేను చూసింది ఎనభై రెండే."

రెండు బ్యూటనాళ్లకూ ఫార్ములా ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకని అడిగాడాయన. పుస్తకంలోని వాక్యం ఒక్కటీ సుకన్య నోటికి రాలేదు. వాళ్లది మిర్చి పండించే ఇల్లు, అదే వచ్చింది.

"తేజ మిర్చి సన్నగ, పొడుగ్గ ఉంటయ్ సార్. పక్కపక్కన పడితే పొడుగునా ఒరుసుకుంటయ్. చపాటా మిర్చి గుండ్రంగ ఉంటయ్, జర అంటీ అంటనట్టే. అణువులు గూడ గంతే. పొడుగువి గట్టిగ పట్టుకుంటయ్, విడగొట్టాలంటే ఎక్కువ వేడి గావాలె. గుండ్రటియి జల్ది విడిపోతయ్."

చంద్రమౌళి నవ్వలేదు. తానే బర్నర్ వెలిగించి ఆమె ద్రవాన్ని మరిగించాడు. ఎనభై రెండే. స్టోర్‌రూం నుంచి పెద్ద సీసా తెప్పించి లేబుల్ చదివాడు. ఫార్ములా కలిసింది కదా అని కాలేజీవాళ్లు కొనేశారు, పేరుకు ముందున్న టెర్షియరీ అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. సుకన్యకు పూర్తి మార్కులు వేసి, మిగతా అందరికీ ఇంకో ద్రవం పోయించి మొదటి నుంచి చేయమన్నాడు.

సుకన్యకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఆ వెంటనే భానుచందర్ ముఖం చూడాలంటే భయమేసింది. అతనికి కోపగించుకునే తీరిక ఎక్కడిది? మరిగేది చూడటానికి ద్రవంలో ముంచే, ఒక కొన మూసిన సన్నటి గాజు గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"దీని నోరు మీదికా, కిందికా?"

ఆమె ఎగ్జామినర్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"కిందికి," అంది. "అంకె మాత్రం నాకు తెల్వది. నువ్వే చూడాలె."