పలకకీ ఒంటికీ మధ్య

ఆ కర్మాగారంలో ఆమెను అందరూ టేపు మేడం అనేవారు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ఒకసారి చెయ్యి కడుక్కుని, తువ్వాలు అనుకుని ఆ టేపుతోనే తుడుచుకుందని కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు. ఆమె పని బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు కత్తిరింపు నమూనాలు గీయడం. జాకెట్టంటే దళసరి గుడ్డ పొరల చొక్కా. దాని ముందు ఒక జేబు, వెనక ఒక జేబు. ఆ జేబుల్లోకి గట్టి పలకలు దిగుతాయి. పక్క షెడ్డులో పింగాణీ పొడిని అచ్చులో పోసి, నొక్కి, కొలిమిలో కాల్చి, వెనక నార పొరలు అతికించి ఆ పలకలు చేస్తారు. చూడటానికి పైమూలలు కోసేసిన బడిపలకలా ఉంటుంది. ఎత్తి చూస్తే మాత్రం చెయ్యి కిందకు లాగేస్తుంది.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. అమ్మ పోయేనాటికి ఆ పిల్లకు జడ వేసుకోవడం కూడా రాదు. అక్కే పెంచింది, అక్కే చదివించింది, పోలీసు ఉద్యోగం వద్దని అక్కే పోట్లాడింది. చెల్లెలు వినలేదు. పెళ్ళయి, కూతురు పుట్టాక కూడా వినలేదు సరికదా, తుపాకులు పట్టుకుని ఇళ్ళలోకి దూరే దళానికి తనంతట తనే పేరిచ్చింది.

ఒక సెలవు రోజున ఆ చెల్లెలు జాకెట్టు చంకన పెట్టుకుని తిన్నగా కర్మాగారానికే వచ్చింది.

"అక్కా, ఇది మీ దగ్గర చేసిందేనా?"

"మాదే. ఏం?"

"ఏం లేదు. ఏ తలుపుకి కొలత తీసి చేశారో కనుక్కుందామని."

అక్క నవ్వలేదు. చెల్లెలు అక్కడే తొడుక్కుని చూపించింది. పలక రొమ్ము మీద ఆనుకుని, అక్కడి నుంచి కిందంతా గాలిలో నిలబడింది. కుర్చీలో కూర్చుంటే పైఅంచు గొంతులోకి పొడుచుకొచ్చింది. తుపాకీ ఎత్తినట్టు చేతులు చాపితే మూల అడ్డుపడి భుజం ముందుకు రాలేదు. అన్నిటికన్నా అక్కను కలవరపెట్టింది పక్క భాగం. ముందు ముక్కా వెనక ముక్కా చంక కింద ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. పలక ముందుకు నెట్టేస్తుండటంతో అవి కలుసుకోవడమే లేదు. ఆ సందులో అక్క పిడికిలి పెట్టి చూసింది. పట్టింది.

"పట్టీలు బిగించుకో."

"బిగిస్తే ఊపిరాడదు. మెట్లెక్కేటప్పుడు కళ్ళు బైర్లు కమ్ముతాయి. మా వాళ్ళంతా వదులు చేసుకునే తిరుగుతారు."

"మగవాళ్ళు కూడానా?"

"వాళ్ళకేం, వాళ్ళ ఛాతీకే కదా మీరు చేసింది."

ఆ మాట నిజమే. పెంకులా ఒక పక్కకే వంపున్న పలక అది, అదీ కొద్దిపాటి వంపు. ఆమె ఉద్యోగంలో చేరకముందు నుంచీ అదే అచ్చు. మేనేజరు దగ్గరకు వెళ్ళి, ఆడవాళ్ళ ఒంటికి కుదిరేలా రెండు వైపులా వంపు తిరిగిన పలక, దానికి తగ్గ జాకెట్టు చేస్తానంది. మేనేజరు చెడ్డవాడు కాదు. "చెయ్యండి మేడం, కానీ ఉన్న ఆర్డరు ఆగకూడదు" అన్నాడు. దాంతో అది మిగిలిన టైములో చేసే పనయింది.

చెల్లెలు సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. వెనకగదిలో పల్చటి బనీను మీద, విరిగిన ఎముకలకు కట్టే తడి సున్నపు పట్టీలు చుట్టి అక్క ఆమె ఒంటికి అచ్చు తీసింది. సున్నం చల్లగా తగలగానే చెల్లెలు మెలికలు తిరిగిపోయింది.

"కదలకే."

"చక్కిలిగిలి పెడుతుంటే ఎలా కదలకుండా ఉండను? పెళ్ళిచూపులకి కూడా ఇంతసేపు కూర్చోలేదు నేను."

"పెళ్ళిచూపుల్లో కూర్చున్నావా? లోపలికీ బయటికీ తిరుగుతూ, నువ్వే అతన్ని చూసి వచ్చావు."

"చూసుకోవద్దూ మరి."

ఆ అచ్చులో పోసి తీసిన బొమ్మ, తలా చేతులూ లేనిది, వెనకగదిలో బల్ల మీద నిలబడింది. దాని మీద అక్క పెన్సిలుతో గీతలు గీసింది: ఊపిరి పీల్చినప్పుడు ఎక్కడికి ఉబ్బుతుంది, తుపాకీ మడమ ఎక్కడ ఆనుతుంది, కూర్చుంటే పొట్ట ఎంత పైకి వస్తుంది. పలక దగ్గరే తిప్పలు వచ్చాయి. వంపు ఎక్కువ చేస్తే కొలిమిలోంచి వచ్చేసరికి మడత దగ్గర సన్నని పగులు. పగులు లేకుండా వచ్చినది పరీక్షలో గుండు దెబ్బకు అక్కడే విరిగింది. వంపు తగ్గిస్తే మళ్ళీ సందు. ఒక్కో పలక నొక్కి, కాల్చి, పరీక్షకు పంపి, జవాబు వచ్చేసరికి కాలం ఇట్టే గడిచిపోయేది. చెల్లెలు ఫోనులో "నా చొక్కా ఎంతవరకు వచ్చిందే, దర్జీ?" అని ఏడిపించేది. "వస్తోంది, వస్తోంది" అనేది అక్క.

అది రాకముందే ఒక ఉదయం అక్కకు ఫోను వచ్చింది.

ఏదో భవనంలో దాక్కున్నవాళ్ళను పట్టుకోవడానికి వెళ్ళారట. మెట్ల మలుపులో తుపాకీ ఎత్తి పక్కకు తిరిగింది చెల్లెలు. గుండు చంక కింద నుంచి లోపలికి పోయింది. పలక మీద గీత కూడా పడలేదు.

ఆసుపత్రి వరండాలో పైఅధికారి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గొంతులో బాధే ఉంది. కానీ ఆయనన్నది ఇది: "పక్క పట్టీలు వదులుగా ఉన్నాయమ్మా. సరిగ్గా బిగించుకుని ఉంటే మనకు దక్కేది."

ఆ మాట మరిది, అంటే చెల్లెలి భర్త చెవిన పడింది. అక్క నోరు తెరవబోయింది. తెరిస్తే, ఆ జాకెట్టు బిగించుకుంటే ఊపిరాడదని చెప్పాలి. అది తనకు ముందే తెలుసని కూడా చెప్పాలి. తరవాత చెబుదాంలే అనుకుంది. ఆ తరవాత రాలేదు. మరిది పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే చెప్పాడు. "పట్టీ బిగించుకోలేదండీ. ఎప్పుడూ అంతే, ఏదీ లెక్కచెయ్యదు." ఏడుపు రానివాడికి ఆ కోపమే ఆసరా అయింది. అక్క అతనికి ఎదురుపడటం తగ్గించుకుంది.

వెనకగది తలుపు చాలాకాలం మూసే ఉంది. పలకల షెడ్డు వాళ్ళు కూడా అడగలేదు. చివరికి ఆమే తాళం తీసింది. బొమ్మ మీద దుమ్ము పట్టి ఉంది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే గీతలు చెరిగిపోతాయి. అందుకని ఊది, పొడిగుడ్డతో మెల్లగా అద్దింది. మెడ వంపు దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. తలుపు లోపల గడియ పెట్టుకుని కడుపారా ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి పెన్సిలు చెక్కుకుంది.

బొమ్మ సంగతి మరిదికి ఎలా తెలిసిందో ఏమో. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవపడి మరీ లోపలికి వచ్చాడు. మనిషి చిక్కి, చొక్కా భుజాలు దిగజారి ఉన్నాయి.

"వదినా, దాని బొమ్మ చేసి ఇక్కడ పెట్టారట. నిజమేనా?"

"నిజమే."

"వచ్చేపోయేవాళ్ళంతా దాన్ని చూస్తుంటే, చేతులేస్తుంటే, మీకు మనసెలా ఒప్పింది? అది బొమ్మ కాదు, నా పెళ్ళాం ఒళ్ళు. నేను తీసుకుపోతాను."

ఆమె వాదించలేదు. "తీసుకెళ్ళు బాబూ" అని గది తలుపు తీసింది.

లోపలికి వచ్చాక అతని ఆవేశం ఎటుపోయిందో తెలియలేదు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ భుజం ఎముక కాస్త ఎత్తుగా ఉంటుంది చెల్లెలికి, చిన్నప్పుడు విరిగి అతుక్కున్నది. అక్కడ వేలు పెట్టి, వెంటనే తీసేశాడు. ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఎక్కడ తగిలింది?"

ఆమె చూపించింది.

"అక్కడ జాకెట్టు ఉంటుంది కదా."

"ఉండాలి."

"అది బిగించుకోలేదు, అందుకే కదా?"

ఇక దాచి ప్రయోజనం లేదని ఆమెకు అనిపించింది. అలమరలోంచి పాత జాకెట్టు తీసింది, చెల్లెలి కొలతదే. జేబుల్లోకి పలకలు దించి, బొమ్మకు తొడిగి పట్టీలు అతని చేతికిచ్చింది.

"నువ్వే బిగించు."

అతను లాగాడు. ఇంకా లాగాడు. పళ్ళు బిగించి, బల్లకు మోకాలు తన్నిపెట్టి, మనిషైతే తట్టుకోలేనంత గట్టిగా లాగాడు. లోపల ఏదో చిట్లిన చప్పుడైంది. జాకెట్టు విప్పి చూస్తే, పలక కిందిఅంచు నొక్కిన చోట, పక్కటెముకల మీద సున్నం పెచ్చు ఊడి ఉంది. ఆమె దాన్ని తిరిగి తొడిగి, అతను లాగినంతవరకు లాగి, చంక కింద వేళ్ళు పెట్టి చూపించింది. సందు తగ్గింది. మూసుకోలేదు. వేళ్ళు లోపలికి పోతూనే ఉన్నాయి.

"ఇంత బిగించుకుంటే మెట్లెక్కలేకపోయేది" అంది. "నాకు చెప్పింది. చాలాసార్లు చెప్పింది. ఆ బాధ పడలేకే వదులు చేసుకునేది. కొత్తది చేస్తున్నాను, ఆగమన్నాను."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెప్పలేకపోయాను."

"నేను ఊరందరికీ చెప్పాను వదినా, తప్పు దానిదేనని. అమ్మాయికీ అదే చెప్పాను. స్కూటరు ఎక్కేటప్పుడు హెల్మెట్టు పట్టీ పెట్టుకోకపోతే, అమ్మలా చేస్తావా, అని కసిరేవాణ్ణి. రోజూ."

జాకెట్టు విప్పేసి, బొమ్మను దుప్పటిలో చుట్టి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని గేటు దాకా మోశారు. అతను ఆటో వెనకసీట్లో దాన్ని ఒళ్ళోకి ఆనించుకుని కూర్చున్నాడు.

బొమ్మ పోయాక పని ఆగుతుందనుకుంది. కానీ ఆగలేక, చెల్లెలి దళంలో ఆడవాళ్ళకు కబురు పెట్టింది. మొదట ఎవరూ రాలేదు. తరవాత ఒకామె వచ్చింది, పొట్టిగా, బండగా ఉంటుంది, ఆ మెట్ల మీద చెల్లెలి వెనకే ఉన్న మనిషి. "ఏం చెయ్యాలి?" అని అడిగి, చెప్పినట్టల్లా చేసింది. ఆమెకు చెల్లెలి బొమ్మ మీద తీర్చిన పలక పెట్టి చూస్తే అస్సలు కుదరలేదు. ఆమె తీసుకొచ్చిన పొడుగాటి అమ్మాయికీ కుదరలేదు. ఇంతకాలం తను చేస్తున్నది లోకంలో ఒక్కరికి పట్టే జాకెట్టని, ఆ ఒక్కరూ ఇక లేరని టేపు మేడంకి అప్పుడు అర్థమైంది. పాత కాగితాలన్నీ చుట్టి పక్కన పడేసింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఈసారి వంపు పిచ్చి పట్టుకోలేదు. పలకకు అడ్డంగా కొంత, నిలువుగా మరికొంచెం వంపు ఇచ్చి, మూలలు లోతుగా కోసి, మిగతా భారమంతా జాకెట్టు మీద వేసింది. నడుము పొట్టి చేసింది, భుజం పట్టీలు లోపలికి జరిపింది, పక్క ముక్కలు వెడల్పు చేసి పలకతో సంబంధం లేకుండా ఒంటికి వాటంతటవే చుట్టుకునేలా విడిగా కుట్టింది. చిన్నా పెద్దా కొలతలు పెట్టింది. పలక పరీక్షల్లో విరగలేదు. పొట్టిగా బండగా ఉన్నామె తొడుక్కుని వంగింది, పాకింది, తుపాకీ ఎత్తింది.

"ఎలా ఉంది?"

"కూర్చుంటే ఇంకా కొంచెం గుచ్చుతోంది మేడం." పట్టీ మరో పట్టు బిగించి, చంక కింద తడుముకుంది. "తీసేయాలనైతే అనిపించట్లేదు."

పోలీసు శాఖ ఆమోదం వచ్చింది, కొంతమందికి సరిపడా జాకెట్లకే. పాత జాకెట్ల గడువు తీరేవరకు మిగతావాళ్ళు అవే వేసుకోవాలట. మేనేజరు తల దించుకుని ఆ మాట చెప్పాడు. ఆమె తల ఊపి మిషన్ల దగ్గరకు వెళ్ళింది.

మొదటి పెట్టెలు బయలుదేరిన వారంలోనే ఒక ఆదివారం ఆమె మరిది ఇంటికి వెళ్ళింది. ఆ సంగతి చెబుదామని. అతను తలుపు తీసి "రండి వదినా" అన్నాడు. టీ పెట్టాడు. బొమ్మ ఎక్కడా కనబడలేదు, ఆమె అడగలేదు. కూతురు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చదువుకుంటోంది. వాళ్ళమ్మలాగే కాలు మడిచి కూర్చుంది.

ఆమె మాట్లాడటం అయ్యాక ఆ పిల్ల పుస్తకం మూసింది.

"నాన్న చెప్పాడు పెద్దమ్మా. అమ్మ తప్పు కాదట కదా."

"కాదమ్మా."

"మరి ఎవరిది?"

మరిది గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు. కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది. చాలామంది పేర్లు చెప్పొచ్చు ఆ పిల్లకు. పాత అచ్చు చేసినవాళ్ళు, అదే చాలనుకున్నవాళ్ళు, తుపాకీ పేల్చినవాడు. అవన్నీ నిజాలే.

"ఆ జాకెట్టు మా దగ్గర చేసిందే" అంది ఆమె. "కుదరట్లేదని అమ్మ నాకు చెప్పింది. నేను చేసేలోపు ఆలస్యమైపోయింది."

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. కోప్పడలేదు, ఏడవలేదు. పుస్తకం తెరిచి, ఎక్కడ ఆపిందో వెతుక్కుని, మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఇంకొంతసేపు కూర్చుంది. లేచి చెప్పులేసుకుంటుంటే లోపల్నుంచి మరిది గొంతు, "పెద్దమ్మ వెళుతోంది, గేటు దాకా వెళ్ళు" అంది.

పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఆమె గేటు తనే తీసుకుని, తనే వేసి, బస్సుకోసం రోడ్డెక్కింది.