కుక్కకు భయపడని వాలబీ

ఆ శనివారం బయలుదేరేలోపు లోర్నా ముగించాల్సిన పనులు ఇన్ని: కోళ్లకు మేత వేయడం, గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టడం, ఫ్లాస్కులో టీ పోయడం, ముసలి కుక్క బెస్‌ను పక్కింట్లో అప్పగించడం, ఆ తర్వాత దాని వాసన లేని ఉతికిన బట్టలు వేసుకోవడం.

"ఆ ఆఖరి జాగ్రత్తేదో పోయిన చలికాలమే పడుంటే," అన్నాడు ఆమె భర్త మెర్వ్, కారు తాళాలు వెతుక్కుంటూ.

"తెలుసు. దారి పొడుగునా అదే పాట పాడకు."

పోయిన చలికాలం హ్యువన్ నది రోడ్డు మీద ఒక వాలబీ లారీ కింద పడి చచ్చింది. కంగారూ జాతిదే, కాస్త పొట్టిది. లోర్నా కారాపి పొట్ట సంచి తడిమింది. వెచ్చగా పిల్ల తగిలింది. వెనక వచ్చేవాళ్లు మళ్లీ ఆగి వెతక్కుండా తల్లి ఒంటి మీద ఎర్రరంగు గీత కొట్టి, పిల్లను స్వెట్టర్లో చుట్టి ఇంటికి తెచ్చింది. నెట్టీ అని పేరు పెట్టింది.

పదకొండేళ్లుగా ఇలాంటి పిల్లల్ని సాకి అడవికి పంపుతున్న మనిషి. కుక్కను దగ్గరికి రానివ్వకూడదని కొత్తవాళ్లకు నేర్పేదే ఆమె. కానీ అప్పుడు మెర్వ్ తుంటి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంట్లో వెచ్చదనానికి కట్టెల పొయ్యి ఉన్నది ఒక్క గదిలోనే, పిల్లా కుక్కా రెండూ అక్కడే. ఒకరోజు ఆసుపత్రి నుంచి వచ్చి చూసేసరికి నెట్టీ బెస్ పొట్టకు ఆనుకుని నిద్రపోతోంది. లేపడానికి మనసొప్పలేదు. ఈ ఒక్కరోజే కదా అనుకుంది. చలికాలమంతా అలాగే గడిచింది.

అడవికి అలవాటు చేయమని నెట్టీని సంరక్షణ కేంద్రానికి ఇచ్చి ఆరు నెలలైంది. వదలొచ్చో లేదో ఈరోజు చెబుతామన్నారు.

కేంద్రంలో వాంబాట్ అనే పొట్టికాళ్ల బొద్దు జంతువు బొరియ చుట్టూ జనం మూగి ఉన్నారు. లోర్నా అటు చూడనైనా లేదు. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్న టామ్సిన్ గేటు దగ్గర ఎదురొచ్చింది.

"లోర్నా గారూ, మొన్న గురువారం కంచె బయట ఒక కుక్కను నడిపించాం. మిగతా వాలబీలన్నీ పొదల్లోకి దూకేశాయి."

"నెట్టీ?"

"కంచె దాకా వచ్చి దాని మూతి వాసన చూసింది. పక్కనే పడుకోబోయింది."

"మర్యాద తెలిసిన పిల్ల," అన్నాడు మెర్వ్. ఎవరూ నవ్వలేదు.

"బయట వదిలితే ఎదురైన మొదటి కుక్కకే దొరికిపోతుంది. ఇక బతికినన్నాళ్లూ ఇక్కడే," అంది టామ్సిన్.

"ఈ తప్పు చేయొద్దని నీకు చెప్పింది నేనే కదూ?"

"మీరే. పుస్తకంలో రెండుసార్లు రాయించారు కూడా," అంది టామ్సిన్, ఆమె మొహం చూడకుండా.

కంచె అవతల నెట్టీ ఆమెను గుర్తుపట్టి గెంతుకుంటూ వచ్చింది. మెర్వ్ గొంతు తగ్గించాడు. "ఒక్కసారి పిలువు. ఇప్పుడింక పిలిస్తే మాత్రం ఏమవుతుంది?"

లోర్నా చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. పిలవలేదు. పక్కనెవరో తల్లి కూతురికి చూపిస్తోంది: "చూడవే, ఎంత మాలిమిగా ఉందో."

మీరెప్పుడైనా అటు వెళ్తే, తనంతట తానే కంచె దగ్గరికి వచ్చే వాలబీ ఒకటి కనిపిస్తుంది. ముచ్చటపడండి, తప్పులేదు. కానీ దాని పేరు నెట్టీ అని, మనుషుల్ని చూస్తే పారిపోవాల్సిన పిల్ల అని గుర్తుంచుకోండి.