పచ్చదీపం అవతలి పాట

బస్సు డ్రైవరుకి ఆ వీధి కొట్టిన పిండే. ఊళ్లోకెల్లా పాతది. ఇనుప కమ్మీల బాల్కనీలు, ఇటుక గోడల మీద పొరలు పొరలుగా కచేరీల పోస్టర్లు, గుమ్మానికో పాట. ఏళ్ల తరబడి సాయంత్రాలు దాని గుండా బస్సు తోలాడు గానీ ఏనాడూ కాలు కింద పెట్టలేదు. మూలమీదున్న పాటల హోటలు ముందు సిగ్నల్లో ఎర్రదీపం పడేది. లోపల గాయని రోజూ ఒకే పాటతో మొదలుపెట్టేది. ఈయన చెవులు రిక్కించేవాడు. రెండో చరణంలో పాట పైకి లేస్తుండగానే పచ్చదీపం వచ్చేది, వెనక హారన్లు మోగేవి. ఆ పాట ఎలా ముగుస్తుందో వినాలన్నదే ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి.

ఇవాళ సెలవు. పెళ్లిచూపులకు వెళ్తున్నవాడిలా ఇస్త్రీ చొక్కా తొడిగి, భార్యను వెంటబెట్టుకుని నడిచొచ్చాడు.

"కాస్త ఆగండీ! ఆ బాకా ఊదే ఆయన్ని చూడనివ్వరూ?" ఆవిడ గుమ్మం గుమ్మానికీ ఆగిపోతోంది.

"తిరిగొచ్చేటప్పుడు చూద్దువుగాని. పాట మొదలైపోతుందే తల్లీ!"

"మీ బస్సు ఏనాడైనా ఇంత జోరుగా పోయిందా?"

హోటల్లో ఇసకేస్తే రాలనంత జనం. గాయనిని ఆయన ఇన్నాళ్లూ సన్నగా, పొడుగ్గా ఊహించుకున్నాడు. తీరా చూస్తే మేనత్తలా బొద్దుగా, కళ్లజోడుతో ఉంది. అయినా గొంతు అదే! ఆయనకు ఒళ్లు పులకరించింది.

రెండో చరణం పైకి లేచింది. పచ్చదీపం పడే చోటు రాగానే ఆయన కుడికాలు దానంతటదే యాక్సిలరేటర్ తొక్కేసింది.

"అబ్బా, నా కాలు!" ముందున్న పెద్దమనిషి కెవ్వుమన్నాడు.

"క్షమించండి సార్, డ్రైవర్ని!"

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కణ్నుంచి అంతా తెలియని దారే. ఆయన ఒక్క మాట కూడా పోనివ్వకుండా విన్నాడు. చివరికి గాయని గొంతు తగ్గించి, ఒక్క మాట మెల్లగా పలికి ఆపేసింది. చప్పట్లతో హోటలు దద్దరిల్లింది.

"బాగుంది కదండీ! మరి మొహం అలా వేలాడేశారేం?"

"అయిపోయిందే," అన్నాడు చంటిపిల్లాడిలా. "ఇన్నాళ్లూ నాకంటూ ఇది మిగిలుండేది. రేపట్నుంచి దేనికోసం ఎదురుచూడను?"

ఆయనకు నిజంగానే బెంగ పుట్టింది.

అంతలో డ్రమ్ములు దబదబా మోగాయి, గిటారు అందుకుంది, గాయని కాలితో తాళం వేస్తూ మరో పాట ఎత్తుకుంది. ఆయన నోరు తెరిచాడు. ఆ ముగింపు కోసం అంతగా తపించినవాడికి, దాని తర్వాత ఇంకో పాట ఉంటుందన్న సంగతే ఎన్నడూ తట్టలేదు.

"ఒసేయ్, ఇంకోటుందే!" అని అరిచి, భార్య చేయి పట్టుకుని జనంలోంచి ముందుకు దూసుకుపోయాడు.