పెద్ద పంతులుగారి శుద్ధభాష

ట్రాన్సిల్వేనియాలోని బిస్త్రా అనే ఊళ్ళో మన రుమేనియన్ పిల్లల బడికి పెద్ద పంతులు ఇలారియన్ బోర్జా. వియన్నాలో చదివొచ్చిన మనిషి. నలభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. తీరిక లేకపోయింది. ఉన్న తీరికంతా భాషని కడగడానికే సరిపోయేది.

ఆయన నమ్మకం ఒకటే. మనం రోము బిడ్డలం, మన నోట్లో ఉన్నది లాటిన్. కాకపోతే వందల ఏళ్ళుగా ఇరుగున స్లావులూ, పొరుగున హంగేరీ వాళ్ళూ, వచ్చిపోయిన టర్కీ వాళ్ళూ తమ మాటలు మన నోట్లో వదిలేసి పోయారు. వాటిని బియ్యంలో రాళ్ళలా ఏరేస్తే చాలు, మనం మళ్ళీ రోమన్లమైపోతాం.

బళ్ళో రూలు పెట్టాడు. పరాయి మాట దొర్లించినవాడు గోడవైపు తిరిగి నిలబడాలి. మొదటి వారం క్లాసంతా గోడవైపే ఉంది, బల్లల మీద ఎవడూ మిగల్లేదు. చివరికి "ఔను" అన్న మాట కూడా స్లావులదేనని తేలింది. దాంతో పిల్లలు తలూపడం మొదలెట్టారు, ఆపైన మాట్లాడ్డమే మానేశారు. చూడ్డానికొచ్చిన పెద్దలు ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూళ్ళేదని మెచ్చుకుని వెళ్ళారు.

బిస్త్రా అన్న పేరు కూడా స్లావులు పెట్టిందే. అందుకని బడి కాగితాల మీద "ఆక్వా లింపిడా" అని, అంటే లాటిన్లో తేటనీళ్ళని, అచ్చు వేయించాడు. ఆ ఊరెక్కడుందో పోస్టాఫీసులో ఎవరికీ తెలీదు కాబట్టి ఆయనకొచ్చే ఉత్తరాలు ట్రాన్సిల్వేనియా అంతా తిరిగి, అలిసిపోయి చేరేవి.

బడి హాస్టల్లో వంట చేసేది సఫ్తా. కొండమీద పోయానా అనే ఊరు ఆవిడది. బండి తోలే మొగుడు పోయాక కిందికి దిగొచ్చి ఈ పనిలో చేరింది. పెద్ద పంతులుగారు మాట్లాడితే ఆవిడకి సగం అర్థమయ్యేది కాదు. ఒకసారి ఆయన చారు రుచి చూసి, "నేటి సూపమందు లవణము కించిత్తు అధికమాయెను," అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని మర్నాడు ఇంకో గుప్పెడు వేసింది. ఆయన మారు మాట్లాడకుండా తాగాడు.

ఆ చలికాలం ఆయనకి జ్వరం వచ్చింది. సఫ్తా మంచం పక్కన స్టూలేసుకుని, క్యాబేజీ తరుగుతూ, వాళ్ళ ఊరి మేకల సంగతులు చెప్పేది. ఏ మేక ఎవరి తోటలో పడింది, దానిమీద ఎవరు ఎవర్ని ఏమని తిట్టారు. అందులో సగం మాటలు బళ్ళో పలికితే సాయంత్రం దాకా గోడ చూడాల్సినవే. ఆయన కళ్ళు మూసుకుని అన్నీ విన్నాడు. జ్వరం దిగాక కూడా ఇంకా దిగలేదని నాలుగు రోజులు పడుకున్నాడు.

ఈస్టరు వెళ్ళాక, లెక్కల మాస్టారు నికోరా దగ్గర సఫ్తా సంగతి బయటపెట్టాడు.

"ఇందులో ఆలోచించేదేముందండీ, ప్రేమిస్తున్నానని చెప్పెయ్యండి," అన్నాడు నికోరా.

"ఆ పదము స్లావులది."

"మరేమని చెప్తారు?"

"ఇంకను రచించుచున్నాను," అన్నాడు పెద్ద పంతులు.

ఆ ఆదివారం నల్లకోటు వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సఫ్తా సంకటి కెలుకుతోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సాధ్వీ, మదీయ హృదయమున చిరకాలముగ ప్రవర్ధమానమగు అనురాగమును విన్నవించుకొనుచున్నాను. ఇక ఈ పాకశాలా పరిచర్యకు స్వస్తి పలికి, మదీయ గృహమునకు స్వామినివి కమ్ము."

సఫ్తాకి ఇందులో రెండే రెండు ముక్కలు అందాయి, పాకశాల ఒకటి, స్వస్తి ఒకటి. గరిటె పక్కన పెట్టింది.

"ఏం తప్పు చేశానయ్యా?"

"తప్పు కాదు, అది నీ సద్గుణముల ఫలము."

"సరే, మీ ఇష్టం," అంది. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది, మూట కట్టుకుంది, కొండ దారి పట్టింది. ఆవిడ సిగ్గుపడి వెళ్ళిందనుకుని ఆయన రెండు రోజులు మహా సంతోషంగా ఉన్నాడు.

మూడోనాడు నికోరా చెప్పాడు. "ఆవిణ్ణి పనిలోంచి తీసేశారని ఊరంతా చెప్పుకుంటున్నారండీ. పిల్లలు మాడిన సంకటి తినలేక చస్తున్నారు. నేనూ అంతే."

పెద్ద పంతులు అదే నల్లకోటు వేసుకుని కొండెక్కాడు. పోయానా దగ్గర దారి రెండుగా చీలింది. గడ్డివాము పక్కన గొర్రెల కాపరి ఒకడు కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఓ మేషపాలకా," అన్నాడు పెద్ద పంతులు, "సఫ్తా నామధేయ యగు వితంతువు నివాసమునకు మార్గమేది?"

కాపరి ఆయన్ని కిందికీ పైకీ చూసి ఊరుకున్నాడు. వాడి కుక్క ఊరుకోలేదు. వచ్చి పిక్క పట్టుకుంది.

అప్పుడు పెద్ద పంతులుగారి నోట్లోంచి వాళ్ళమ్మ మాట్లాడిన భాష వచ్చింది. "ఓరి నాయనో, చచ్చాన్రా. పిలవరా దాన్ని, నీ దుంపతెగ, అలా చూస్తావేంరా సన్నాసీ." తరవాత కుక్కనీ, కుక్కని కన్న కుక్కనీ అన్నవి ఇక్కడ చెప్పేవి కావు. అందులో లాటిన్ ఒక్క ముక్క లేదు.

కాపరి ఈలవేశాడు. కుక్క వదిలేసింది.

"మనోడివే," అన్నాడు కాపరి. "ముందే చెప్పొద్దూ? ఎవరో పన్నులకొచ్చిన జర్మన్ దొరవనుకున్నా. సఫ్తా మా అక్కే. పద, నా భుజం పట్టుకో."

సఫ్తా ఆయన్ని బల్ల మీద కూచోబెట్టి, ప్లమ్ పళ్ళ సారా సీసా తెచ్చి, సగం గాయం మీద పోసింది, మిగతా సగం ఆయన చేతికిచ్చింది.

"ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

"నిన్ను పనిలోంచి తీసెయ్యలేదు సఫ్తా. పెళ్ళి చేసుకుందామని అడిగాను."

"ఎప్పుడు?"

"మొన్న ఆదివారం. వంటింట్లో."

సఫ్తా కాసేపు తమ్ముడి వంక చూసింది. వాడు కిటికీ వంక చూశాడు.

"నువ్వంటే నాకు ప్రేమ," అన్నాడు పెద్ద పంతులు. అనేసి, అలవాటు కొద్దీ, "ఆ మాట మనది కాదనుకో, స్లావుల దగ్గర్నించి వచ్చింది," అన్నాడు.

"ఎక్కడ్నించొస్తే ఏం, నాదాకా వచ్చింది కదా," అంది సఫ్తా, కట్టు బిగిస్తూ. "చేసుకుంటాను గానీ ఒకటి. బళ్ళో మీ ఇష్టం. ఇంట్లో మాత్రం మనుషుల్లా మాట్లాడాలి."

ఎండలు ముదరకముందే పెళ్ళయింది. వాళ్ళ ఇల్లు బడి ఆవరణలోనే, క్లాసు కిటికీలకి ఎదురుగా ఉండేది. గోడ రూలు అలాగే ఉంది. ఉక్కపోతకి కిటికీలు మాత్రం తెరిచే పెట్టాల్సి వచ్చేది.

జూన్‌లో బిషప్పుగారి తరఫున పెద్ద ఫాదరు ఒకాయన తనిఖీకి వచ్చాడు. ఈ శుద్ధభాష అంటే ఆయనకీ పిచ్చే. పిల్లలు గ్రంథంలా మాట్లాడుతుంటే కళ్ళు అరమోడ్చి వింటున్నాడు. అంతలో ఆవరణ అవతల్నించి గొంతు వినబడింది.

"ఏమయ్యోయ్, సంకటి చల్లారిపోతోంది. వస్తావా, నీ పంది కొవ్వు పిల్లికి పెట్టెయ్యనా?"

"వస్తున్నానే, పిల్లికి మాత్రం పెట్టకు," అన్నాడు పెద్ద పంతులు కిటికీలోంచి.

పిల్లలు పలకల్లోకి తలలు దించేసుకున్నారు. పెద్ద పంతులు మెడ దాకా ఎర్రబడ్డాడు, గోడ వంక ఒకసారి చూశాడు.

"అది ఏ భాష?" అన్నాడు ఫాదరు.

"మా ఆవిడదండీ."

ఫాదరు కిటికీ దగ్గరికి వెళ్ళి గాలి పీల్చాడు. పొద్దున్నే ఎప్పుడో తిని బయల్దేరిన మనిషి.

"కొవ్వు మీ ఇంట్లో పొగబెట్టిందేనా," అన్నాడు నెమ్మదిగా, "ఉల్లిపాయ కూడా ఉంటుందా?"

ఇద్దరూ ఆవరణ దాటి వెళ్ళారు. ఫాదరు మూడుసార్లు వడ్డించుకుని, మేకల సంగతులు కడుపుబ్బా నవ్వుతూ విని, సాయంత్రం బండెక్కాడు. ఈ బడిలో పరాయి పదం ఒక్కటి కూడా తన చెవిన పడలేదని నివేదిక రాసి బిషప్పుగారికి ఇచ్చాడు. దాంతో పెద్ద పంతులుగారికి జీతం పెరిగింది. ఆయన ఇంకో తొమ్మిదేళ్ళు అదే బళ్ళో, అదే రూలుతో పనిచేశాడు.