కొట్లాటల లెక్కలోకి రాని ఖోలీ

ఇటు రా బిడ్డా. గడప మీద కాదు, నా పక్కన కూర్చో. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు, చెవి ఇటు పెట్టు. ఎనభై ఆరో సంవత్సరంలో, కామాటిపురాలోని మా చాల్‌లో జరిగింది. నా చదువు రెండో తరగతి దాకానే. కానీ ఎవరి తల ఎప్పుడు పగిలిందో అడుగు, తారీఖుతో సహా చెప్తాను.

మా చాల్ మూడంతస్తులు. అంతస్తుకు పన్నెండు ఖోలీలు. ఖోలీ అంటే ఒక్కటే గది. అందులోనే పొయ్యి, పడక, దేవుడు. నాలుగైదు మరాఠీ ఖోలీలు పోను అందరం పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చిన వాళ్ల సంతానమే. అందరికీ కింద ఒకటే నల్లా, పొద్దున గంటసేపే నీళ్లు. ఆ గంటలో బిందెలతో కొట్టుకునేవాళ్లం, రక్కుకునేవాళ్లం, కొరుక్కునేవాళ్లం. ఒకసారి పోచమ్మ చెవి తమ్మె కమ్మతో సహా ఊడి మోరీలో పడింది. కమ్మ దొరికింది, తమ్మె దొరకలేదు.

నా పెద్ద కొడుకు కూతురు రత్నాబాయి భివండిలో పెరిగింది. ఆ ఏడు ఇక్కడ పెద్ద కాలేజీలో ఎం.టెక్. చదువుతూ, హాస్టల్‌లో ఉండి ఆదివారాలు నా దగ్గరికి వచ్చేది. అదేం చదువో గ్రాంట్ రోడ్ దాకా అందరూ నన్నే అడిగేవాళ్లు. అది నాకు చెప్పింది ఇంతే:

“ఒక్క మనిషిని చూస్తే సమజ్ గాదు నానమ్మా. నూరు మంది ఒక్కకాడ ఉంటే ఒకల వేడి ఒకలకు అంటి, ఎవ్వరూ అనుకోనిది అయితది. రోగం గట్లనే, కొట్లాట గట్లనే. ముందుగాల దాన్ని కంప్యూటర్‌ల ఆడిపించి చూస్తరు. సిమ్యులేషన్ అంటరు.”

“కొట్లాట జూసెటందుకు కంప్యూటర్ ఎందుకే? రేపు పొద్దుగాల బిందె వట్టుకొని కిందికి రా.”

అది నవ్వలేదు. కంప్యూటర్ దగ్గర దానికి వారానికి రెండు గంటలే వంతు. అందుకని నా ఖోలీ నేల మీద సుద్దతో చాల్ పటం గీసింది. నేను చింతగింజల్ని ఒక పక్క బండకు రాకి తెల్లగా చేసిచ్చాను. ఎంతమంది ఉంటే అన్ని గింజలు. నలుపు పైకుంటే మనిషి నెమ్మదిగా ఉన్నట్టు, తెలుపు పైకుంటే వేడెక్కినట్టు. చుట్టూ తెల్లవి ఎక్కువైతే నల్లదీ తిరగబడుతుంది. ఎంత వేడికి ఎవరు చెయ్యెత్తుతారో నేనే చెప్పాను. ఇరవై ఏళ్ల కొట్లాటలు చెప్పాను. ఎవరి సోడా సీసా ఎవరి నుదుట పగిలిందో, ఫాక్‌లాండ్ రోడ్ వాళ్లు వచ్చి రాములు మోకాలిని ఇనపరాడ్‌తో ఎలా విరిచారో, అన్నీ. రత్న అవి రాసుకుపోయి యంత్రానికి పెట్టేది. మళ్లీ ఆదివారం వెడల్పాటి కాగితాల చుట్టతో, వేలాడేసిన మొహంతో వచ్చేది.

“కంప్యూటర్‌ల నెలకు మూడు కొట్లాటలే అయితున్నయ్. నల్లాకాడ పదకొండు అయితున్నయ్. సారు ఒప్పుకుంటలేడు. నువ్వేదో మర్చిపోయినవ్ నానమ్మా.”

“నేను మర్చిపోవుడా!” అని దాని మీదికి లేచాను.

జూన్‌లో ఒక మంగళవారం భూదేవి శాంతాబాయిని కొట్టింది. భూదేవిది మా పక్క ఖోలీ. మా తమ్ముడి కొడుకు సైదులు భార్య. సంబంధం కుదిర్చి, పాలమూరులో ఆ పిల్లను బండెక్కించి తెచ్చింది నేనే. నోరెత్తి మాట్లాడని పిల్ల. శాంతాబాయి “జరా సరక్”, కొంచెం జరుగు అని మరాఠీలో అంటూ భుజం తట్టింది, అంతే. భూదేవి నిండు బిందెను ఎత్తి ఆమె నెత్తిన వేసింది. కింద పడ్డాక మళ్లీ వేసింది. పైన గ్యాలరీలో ఉన్న నాకు కొబ్బరికాయ పగిలినట్టు వినిపించింది. శాంతాబాయి కొడుకులు దిగి భూదేవిని జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చారు. వాళ్ల మీదికి మావాళ్లు ఇటుకలతో దిగారు. పావుగంటలో మూడంతస్తులూ కొట్టుకున్నాయి. ఐదుగురిని ఆస్పత్రికి మోశారు. నల్లా గట్టు కడిగిన కొద్దీ ఎర్రగా కారింది.

ఆదివారం రత్న వచ్చి పటం ముందు కూర్చుంది.

“భూదేవి ఖోలీల అన్నీ నల్లగింజలే. ఆమెకు గంత కోపం ఎక్కడికెల్లి వచ్చింది?”

నాకు తెలుసు. మా రెండు ఖోలీల మధ్య ఉన్నది చెక్క గోడ. సైదులు బెల్టు తోలు చప్పుడేదో, ఇనప బకిల్ చప్పుడేదో నాకు వేరువేరుగా తెలుసు.

“వాడు కొడతడు,” అన్నాను.

“ఎప్పటిసంది?”

“లగ్గమైనకాడికెల్లి. ఎనిమిదేండ్లు.”

“మరి కొట్లాటలన్నీ చెప్పమంటే ఇది చెప్పకపోతివి?”

“అది కొట్లాట గాదే పిచ్చిదానా. కాపురం.”

రత్న అరవలేదు. అరిచినా బాగుండేది. సుద్దముక్క నా చేతికిచ్చి, “ఇంకా ఎన్ని ఖోలీలల్ల గిసువంటి కాపురాలున్నయో గుర్తు పెట్టు,” అంది. ముప్పై ఆరింట్లో పంతొమ్మిదింటికి పెట్టాను. మీ ముత్తాత, అంటే నా మొగుడు, బతికి ఉన్నప్పుడు మా ఖోలీకీ ఆ గుర్తు ఉండాల్సిందే. అది మాత్రం రత్నకు చెప్పలేదు.

ఈసారి పంతొమ్మిది ఖోలీల్లోని తెల్లగింజలు పొద్దున్నే నల్లా దగ్గరికి దిగాయి. ఆ వారం యంత్రం నెలకు పది కొట్లాటలు చూపించింది. సారు సంతోషపడ్డాడట.

ఆ లోపే కులపెద్ద బక్కయ్య తీర్పు చెప్పాడు. నెల రోజులు భూదేవి ఖోలీ దాటకూడదు, నల్లాకు రాకూడదు. చాల్ చల్లబడుతుంది కదా అని నేనూ సరే అన్నాను. మరుసటి ఆదివారం రత్న ఆ తీర్పును కూడా గింజలతో ఆడించింది. నల్లా దగ్గర అన్నీ నల్లబడ్డాయి. భూదేవి ఖోలీలో మాత్రం తెల్లబడినవి తెల్లగానే ఉండిపోయాయి. పదిసార్లు ఆడితే పదిసార్లూ అంతే.

“వేడి బయటికి పోయే తొవ్వ లేదు. ఆ ఖోలీల ఒకలు సస్తరు నానమ్మా.”

నేను బక్కయ్య దగ్గరికి పరుగెత్తాను. మెట్ల కింద గడ్డం గీయించుకుంటున్నాడు. విని, నురగతోనే నవ్వాడు.

“అంజమ్మక్కా, చింతగింజలు జూసి తీర్పు మారుస్తరా? రేపు గవ్వలేసి నాకు ఇంకో పెండ్లి జేస్తవా?”

“నవ్వకురా. పిల్ల సస్తది.”

“మొగడు పెండ్లాం నడుమ మనమెట్ల వోతం? ఒకల గడప ఇంకొకలు దాటుడు రివాజు గాదు. వాడు నీ తమ్ముని కొడుకే గద, నువ్వే చెప్పు.”

చెప్పాను. సైదులు తల వంచి “సరే అత్తా” అన్నాడు. అంత మర్యాద.

నాలుగో రోజు మధ్యాహ్నం, మొదట బకిల్ చప్పుడైంది. తర్వాత గోడకు ఏదో బలంగా కొట్టుకుని మా వైపు గిన్నెలు రాలాయి. ఎన్నడూ అరవని భూదేవి అరిచింది. ఆ అరుపు సగంలో తెగింది. గ్యాలరీలో ఆడవాళ్లు ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. నేను రోకలి తీసుకుని వాళ్ల గడప దాటాను.

వాడు ఆమె వీపు మీద మోకాలు మోపి, బెల్టు మెడకు చుట్టి లాగుతున్నాడు. ఆమె ఎడమ కంట్లోంచి రక్తం నేల మీదికి కారుతోంది.

“పో అత్తా. నీకేం పని ఈడ?” అన్నాడు, వెనక్కి చూడకుండానే.

భుజం మీద వేశాను. ఎముక విరిగింది. వాడు లేచి నన్ను గోడకేసి కొట్టాడు. ముందరి పళ్లు రెండు నా నోట్లోనే ఊడాయి. ఉమ్మేసి, వాడి మోకాలి మీద వేశాను. కూలబడ్డాక కూడా వేశాను. ఎన్నిసార్లో నాకు తెలియదు. తలెత్తి చూస్తే ఖోలీ నిండా ఆడవాళ్లు. నెత్తికి కట్టుతో ఉన్న శాంతాబాయి భూదేవి మెడ నుంచి బెల్టు విప్పుతోంది. విప్పి, దాంతోనే సైదులును కొట్టడం మొదలుపెట్టింది. ఆపిన వాళ్లు లేరు.

సైదులు చావలేదు. కుంటుకుంటూ ఊరికి పోయాడు. భూదేవికి ఎడమ కన్ను పోయింది. నాగ్‌పాడాలో సంచులు కుట్టే కార్ఖానాలో చేరి, ఒంటి కంటితోనే బతికింది.

మళ్లీ ఆదివారం వచ్చి, రత్న పటంలో భూదేవి ఖోలీ మీద వేలు పెట్టింది.

“నా సిమ్యులేషన్‌ల ఎవ్వరూ పక్క ఖోలీలకు పోరు నానమ్మా. గడప దాటి పోయే రివాజు నువ్వు చెప్పనే లేదు.”

“అప్పటికి లేకుండెనే,” అన్నాను.

అంజమ్మ రోకలి పట్టి ఆడపిల్లను కాపాడిందని చాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నువ్వు అలా చెప్పకు బిడ్డా. ఎనిమిదేళ్లు చెక్క గోడకు ఇవతల కూర్చుని విన్నాననీ, చప్పుడు ఎక్కువైతే అది వినపడకుండా స్టవ్ పంపు గట్టిగా కొట్టేదాన్ననీ ముందు చెప్పు. ఆ తర్వాతే రోకలి. ఈ వరుస మార్చకుండా గుర్తుపెట్టుకో. నీ పిల్లలకూ ఈ వరుసలోనే చెప్పు.